ఆక్సిజన్ పట్టు

బీదర్ జిల్లా హుమ్నాబాద్ తాలూకాలోని దుబల్గుండి దక్కను పీఠభూమి మీది ఊరు. ఈ పీఠభూమిలో నేల రెండు రంగుల్లో కనిపిస్తుంది. ఒకచోట నల్లరేగడి, ఇంకోచోట ఎర్రమొరం. రెండూ పుట్టింది ఒకే రాయి నుంచి. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట నేల పగుళ్లలోంచి పొంగి పరుచుకున్న లావా గడ్డకట్టి బసాల్ట్ అయింది. ఆ నల్లరాయి బరువులో సుమారు పదోవంతు ఇనుమే. అయితే అది సిలికాతో, ఆక్సిజన్‌తో కలిసిపోయి ఉంటుంది కాబట్టి రాయిని చూస్తే ఇనుము జాడ తెలియదు.

లక్షల ఏళ్ల పాటు వానలు కురిసి, ఎండలు కాసి ఆ రాయి కుళ్లింది. నీటిలో కరిగే సోడియం, కాల్షియం, మెగ్నీషియం ముందు కొట్టుకుపోయాయి. తర్వాత సిలికా కూడా చాలావరకు పోయింది. నీటికి లొంగనివి రెండే మిగిలాయి, ఇనుము ఆక్సైడు, అల్యూమినియం ఆక్సైడు. ఈ మిగిలిపోయిన ఎర్రరాయే లాటరైట్. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. బీదర్ కోటగోడలకు వాడిన రాయి ఇదే. కోట చుట్టూ మూడు వరుసల కందకాన్ని తొలిచింది ఇందులోనే. నౌబాద్‌లోని కరేజ్ అనే సొరంగాల్లో నీరు పారేది కూడా ఈ రాతిపొర అడుగునే.

చిత్రం ఏమిటంటే, ఒకే రాతిముక్కలో పక్కపక్కనే ఉన్న ఈ రెండు లోహాల చరిత్రలు ఎక్కడా కలవవు. ఇనుమును మన దేశంలో కనీసం మూడు వేల ఏళ్లుగా తీస్తున్నారు. అల్యూమినియం లోహాన్ని మనిషి మొదటిసారి చూసింది 1825లో. భూమి పైపొరలో ఇనుము కన్నా అల్యూమినియమే ఎక్కువ. అయినా అంత ఆలస్యం ఎందుకైంది? కొరత వల్ల కాదు, ఆక్సిజన్ పట్టు వల్ల. ఒక్కో లోహాన్ని ఆక్సిజన్ ఎంత గట్టిగా పట్టుకుందన్న దాన్నిబట్టే ఆ లోహం మన చేతికి ఎప్పుడు వచ్చిందో తేలిపోయింది.

ఎర్రమొరానికి ఆ రంగునిచ్చే ఖనిజాల్లో ముఖ్యమైనది హెమటైట్. అందులో ప్రతి రెండు ఇనుము పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. కిలో శుద్ధ హెమటైట్‌లో 700 గ్రాములు ఇనుము, 300 గ్రాములు ఆక్సిజన్. ఆ 300 గ్రాములను వదిలించుకోవడం కోసమే కొలిములు, తిత్తులు, బ్లాస్ట్ ఫర్నేసులు అన్నీ. పాఠ్యపుస్తకాల్లో క్షయకరణం అని చదువుకున్నది ఈ పనినే.

కొన్ని లోహాలు ఆక్సిజన్‌ను తేలిగ్గా వదిలేస్తాయి. వెండి ఆక్సైడును 300 డిగ్రీల లోపు వేడికే వెండిగా మార్చవచ్చు. పాదరసం ఆక్సైడు సుమారు 500 డిగ్రీల దగ్గర విడిపోతుంది. ఇనుము అలా కాదు. హెమటైట్‌ను ఎర్రగా కాల్చినా హెమటైట్‌గానే ఉంటుంది. ఇనుము కన్నా ఆక్సిజన్‌ను ఎక్కువగా కోరుకునే మరో పదార్థం దాని పక్కన ఉండాలి. మన పూర్వులకు దొరికిన ఆ పదార్థం కర్రబొగ్గు.

బొగ్గులోని కార్బన్‌కు ఒక విశేష గుణం ఉంది. లోహం ఆక్సిజన్‌తో కలిస్తే గాలిలోని వాయువు ఘనపదార్థంలో బందీ అవుతుంది. కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అయినప్పుడు జరిగేది దీనికి తలకిందులు, ఘనపదార్థం వాయువుగా మారి విస్తరిస్తుంది. వేడి పెరిగేకొద్దీ ప్రకృతి వాయువుల వైపే మొగ్గుతుంది. అందువల్ల కొలిమి వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ మీద లోహం పట్టు సడలుతుంది, కార్బన్ పట్టు బిగుస్తుంది. ఏదో ఒక ఉష్ణోగ్రత దగ్గర కార్బన్‌ది పైచేయి అవుతుంది. ఇనుము విషయంలో అది సుమారు 700 డిగ్రీలు. జింకుకు 950కి అటూ ఇటూ. అల్యూమినియానికి 2000 దాటాలి. హెరాల్డ్ ఎల్లింగ్‌హామ్ అనే బ్రిటిష్ రసాయనవేత్త 1944లో ఈ లెక్కలన్నీ ఒకే పటం మీద గీతలుగా గీశాడు. ఒక గీత ఇంకో గీతను ఎక్కడ దాటుతుందో చూస్తే ఏ లోహాన్ని ఏ వేడిలో బొగ్గుతో తీయవచ్చో తెలిసిపోతుంది. లోహాల చరిత్ర అంతటినీ ఒక్క కాగితం మీద చూపిన ఆ పటానికి కాలేజీ పుస్తకాల్లో ఇచ్చిన చోటు చాలదని నా అభిప్రాయం.

ఇప్పుడు తెలంగాణ పల్లెల్లోని పాత ఇనుప కొలిమిలోకి వెళ్దాం. మట్టితో కట్టిన నిలువు గొట్టం లాంటి నిర్మాణం, ఎత్తు ఇంచుమించు మనిషి ఛాతీ వరకు. అడుగున మట్టిగొట్టం గుండా తోలుతిత్తులతో గాలి ఊదుతారు. పైనుంచి ఒక వరస బొగ్గు, ఒక వరస ఖనిజం పోస్తూ ఉంటారు. గాలి తగిలినచోట బొగ్గు పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది పైకి లేచి, గాలి అందక ఎర్రగా మెరుస్తున్న బొగ్గుల మధ్య నుంచి వెళ్లేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అసలు పని చేసేది ఈ వాయువే. రాతిముక్కల సందుల్లోకి దూరి ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. హెమటైట్ ముందు మాగ్నటైట్ అవుతుంది, ఆ తర్వాత ఇంకా తక్కువ ఆక్సిజన్ ఉన్న ఆక్సైడు, చివరికి ఇనుము. గాలి ఎక్కువైతే మోనాక్సైడ్ మిగలదు, తక్కువైతే వేడి చాలదు. తిత్తి తొక్కే మనిషి కాళ్లలో ఉన్న విద్య ఇదే.

ఈ మెట్లలో మొదటిదాన్ని బడిలోనే చూపించవచ్చు. కాస్త ఎర్రమొరాన్ని మెత్తగా నూరి ముందు అయస్కాంతం పెట్టి చూడాలి, పెద్దగా అంటుకోదు. అందులో బొగ్గుపొడి కలిపి, మూత ఉన్న ఇనుప డబ్బాలో పోసి, మూతకు చిన్న బెజ్జం పెట్టి, ఆరుబయట బొగ్గుల కుంపటి మీద డబ్బా ఎర్రబడేదాకా అరగంట కాల్చాలి. మూత తీయకుండానే చల్లారనిచ్చి మళ్లీ అయస్కాంతం పెడితే నల్లబడిన రేణువులు దానికి పట్టుకుంటాయి. హెమటైట్‌లో కొంత ఆక్సిజన్ పోయి మాగ్నటైట్ అయిందన్నమాట. కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు కాబట్టి గదిలో మాత్రం చేయకూడదు, పెద్దవాళ్లు దగ్గరుండాలి.

కొలిమి విషయంలో గమనించాల్సిన సంగతి ఇంకొకటి. ఇనుము కరగడానికి 1538 డిగ్రీల వేడి కావాలి. పల్లె కొలిమిలో వేడి 1200 చుట్టుపక్కల ఉండేది. అంటే ఆ కొలిమిలో ఇనుము కరిగేదే కాదు. ఘనరూపంలోనే ఆక్సిజన్‌ను పోగొట్టుకుని, చిల్లులు చిల్లులుగా ముద్దకట్టేది. కరిగేది రాతిలోని మట్టి భాగం. సిలికా కొంత ఇనుము ఆక్సైడును తనతో కలుపుకుని ద్రవమై అడుగునుంచి కారిపోయేది. అదే చిట్టెం. పాత ఇనుప కొలుములు ఉన్న ఊళ్లలో పొలంగట్ల మీద నేటికీ ఇది దొరుకుతుంది. ఒక ముక్కను చేతిలోకి తీసుకుంటే మామూలు రాయి కన్నా బరువుగా ఉంటుంది. పైన పాకం కారి గడ్డకట్టినప్పటి మడతలు కనిపిస్తాయి. పగలగొడితే లోపల చిన్న చిన్న గాలిబుడగల గుంతలు, గాజు మెరుపున్న నలుపు. ఆ బరువుకు కారణం అందులో చిక్కుకుపోయిన ఇనుమే. ఖనిజంలోని ఇనుములో చాలా భాగాన్ని చిట్టెం తినేసేది. దాన్ని వృథా అనడం సరికాదు. ఆ ఇనుమును సిలికాకు వదులుకోబట్టే చిట్టెం 1200 డిగ్రీల దగ్గరే కరిగింది, మిగతా ఇనుము శుభ్రపడింది.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇలా తీసిన ఇనుమును మూసలో పెట్టి, కార్బన్ ఎక్కించి ఉక్కుగా మార్చేవారు. హెన్రీ వోయ్సీ అనే డాక్టరు, భూగర్భ పరిశీలకుడు 1820ల తొలి ఏళ్లలో అక్కడి పని చూసి రాసిన వివరం ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి పారశీక వర్తకులు వచ్చి అక్కడే మకాం వేసి ఉక్కు కొనుక్కెళ్లేవారని అందులో ఉంది. ఆయన రాసిన ఇంకో ముక్క మన విషయానికి ముఖ్యం. ఆ ఉక్కుకు రెండు రకాల ఇనుము మూడు పాళ్లకు రెండు పాళ్లుగా కలిపేవారట. మొదటిది అయస్కాంతానికి అంటుకునే నల్ల ఇసుక నుంచి తీసినది. రెండోది కొండాపూర్ నుంచి వచ్చేది, ఇనుపమట్టిలో దొరికే ఖనిజం నుంచి తీసినది. ఇనుపమట్టి అని అప్పటివాళ్లు పిలిచింది లాటరైట్ జాతి నేలనే. రెండు ఖనిజాలు, రెండు స్వభావాల ఇనుములు, వాటిని ఏ పాళ్లలో కలపాలో తెలిసిన చేతులు.

ఇనుము కరగకుండానే ఆక్సిజన్ పోగొట్టుకోగలదన్న ఆ పల్లె కొలిమి సూత్రం చచ్చిపోలేదు. 1980లో అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచలో స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ పని మొదలుపెట్టింది. బొగ్గుతో నేరుగా స్పాంజ్ ఐరన్ తయారుచేసే ఫ్యాక్టరీల్లో దేశంలో అదే మొదటిది. బ్లాస్ట్ ఫర్నేసుకు కావలసిన కోకింగ్ బొగ్గు మన దగ్గర తక్కువ. సింగరేణిలో దొరికేది కోక్‌గా మారని రకం. దాన్నే ఖనిజపు ముక్కలతో కలిపి, వాలుగా తిరిగే పొడవాటి గొట్టంలో ఇనుము కరగని వేడిలోనే ఉంచితే ఆక్సిజన్ పోతుంది. ఖనిజపు ముక్క ఆకారం మారదు, ఆక్సిజన్ ఉన్నచోటల్లా సన్నని ఖాళీలు మిగులుతాయి. 2010లో ఆ సంస్థ ఎన్ఎండీసీలో కలిసింది. ఇవాళ ప్రపంచంలో అత్యధికంగా స్పాంజ్ ఐరన్ తయారుచేసే దేశం మనదే. పాల్వంచ పేరు ఈ సందర్భంలో ఎవరూ తలవకపోవడం బాధ కలిగిస్తుంది.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీది మరో దారి. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. గోదావరి 1990లో రాజుకుంది. బైలదిల్లా ఖనిజం, కోక్, సున్నపురాయి పైనుంచి పడతాయి, కిందినుంచి వేడిగాలి వస్తుంది. అంత వేడిలో ఇనుము కార్బన్‌ను కూడా కలుపుకుని ద్రవమై కారుతుంది. సున్నం సిలికాను తనవైపు లాక్కుంటుంది కాబట్టి ఇక్కడ చిట్టెంలోకి ఇనుము దాదాపు పోదు. పల్లె కొలిమి వదులుకున్న ఇనుమును ఇది దక్కించుకుంది. ఆక్సిజన్‌ను లాగే పని మాత్రం ఇక్కడ కూడా ఎక్కువగా కార్బన్ మోనాక్సైడ్‌దే.

ఇక బీదర్‌కు పేరు తెచ్చిన లోహం దగ్గరికి వద్దాం. అది ఇనుము కాదు, జింకు. మన పాత తెలుగులో తుత్తునాగం. నల్లటి లోహం మీద వెండి పొదిగి బీదర్‌లో చేసే బిద్రీ పాత్ర బరువులో అధికభాగం ఇదే. పదహారు పాళ్ల జింకుకు ఒక పాలు రాగి అనేది బీదర్ కళాకారులు తరచుగా చెప్పే లెక్క. బీదర్ నేలలో జింకు ఖనిజం లేదు. బయటినుంచి వచ్చిన లోహంతోనే బహమనీల రాజధానిలో ఈ కళ వేళ్లూనుకుంది.

జింకు ఎంత మొండి లోహమో తెలిస్తే ఆ పాత్ర మీద గౌరవం పెరుగుతుంది. జింకు ఖనిజంలో ప్రధానమైనది గంధకంతో కలిసిన సల్ఫైడు. ముందు దాన్ని గాలిలో కాల్చి గంధకాన్ని పొగగా పంపేస్తారు. జింకు ఆక్సైడు మిగులుతుంది. దీన్ని బొగ్గుతో క్షయకరణం చేయాలంటే సుమారు 950 డిగ్రీలు దాటాలి. చిక్కంతా ఇక్కడే. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. అంటే ఆక్సిజన్ నుంచి విడుదలైన క్షణంలోనే జింకు ఆవిరి. ఇనుప కొలిమి లాంటి తెరిచిన కొలిమిలో ఆ ఆవిరి పొగతో పాటు పైకి పోతుంది. దారిలో గాలి తగిలినా, కొంచెం చల్లబడి కార్బన్ డయాక్సైడ్ తగిలినా మళ్లీ ఆక్సిజన్‌ను కలుపుకుని తెల్లటి పొడి అయిపోతుంది. కొలిమి గోడలకు అంటుకున్న ఆ పొడిని కంటి మందుల్లో వాడుకున్నారు. లోహం మాత్రం దక్కలేదు. అందుకే ప్రపంచంలో చాలాచోట్ల జింకు లోహాన్ని చూడకుండానే మనుషులు ఇత్తడి చేశారు. రాగిముక్కలు, జింకు ఖనిజం, బొగ్గు కలిపి మూసలో మూసి కాల్చితే పుట్టిన జింకు ఆవిరిని రాగి అక్కడికక్కడే తాగేస్తుంది. ఇత్తడి వేల ఏళ్ల నాటిది, జింకు కాదు.

ఈ చిక్కుముడిని విప్పినవాళ్లు రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి జావర్ గని పనివాళ్లు. 14వ శతాబ్దం నాటికే అక్కడ జింకును పెద్దఎత్తున తీస్తున్నారు. 1983లో బ్రిటిష్ మ్యూజియం, బరోడా ఎంఎస్ విశ్వవిద్యాలయం, హిందుస్తాన్ జింక్ కలిసి తవ్వినప్పుడు కొలుములు పాత్రలతో సహా బయటపడ్డాయి. మట్టి పాత్ర సుమారు అడుగు పొడవు, అచ్చం వంకాయ ఆకారం. రసరత్నసముచ్చయం అనే సంస్కృత రసగ్రంథం దీన్ని వృంతాకమూష అనే అంటుంది. కాల్చిన ఖనిజాన్ని, బొగ్గును కలిపి ఉండలు చేసి ఈ వంకాయ పాత్రలో కూరతారు. మూతికి గరాటు వంటి మట్టిగొట్టం అతికిస్తారు. మధ్యలో ఒక పుల్ల గుచ్చుతారు. తర్వాత పాత్రను తలకిందులు చేస్తారు. ఒక్కో కొలిమిలో ఆరు వరసల్లో ఆరేసి చొప్పున 36 పాత్రలు, చిల్లులున్న మట్టిపలక మీద బోర్లా నిలబడతాయి. పలక పైన మంట, పలక కింద చల్లని గది. పాత్రలు పైన కాలుతుంటే గొట్టాల మూతులు కింది గదిలోకి వేలాడుతుంటాయి.

ఆ పుల్ల ఎందుకో ఆలోచించండి. పాత్రను బోర్లించినప్పుడు లోపలి ఉండలు జారిపడకుండా ఆపుతుంది. వేడెక్కాక పుల్ల కాలిపోతుంది. అప్పటికి ఉండలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి కాబట్టి ఇక పడవు. పుల్ల ఉన్నచోట ఆవిరికి దారి ఏర్పడుతుంది. పైన సుమారు 1100, 1200 డిగ్రీల వేడి. జింకు ఆవిరికి పైకి పోయే దారి లేదు, కిందికే దిగాలి. గొట్టంలో చల్లబడి ద్రవమై బొట్లుగా రాలుతుంది. సారాబట్టీలో ఆవిరి చల్లబడి బొట్టుబొట్టుగా దిగినట్టే ఇదీ, వేడి మాత్రం పది రెట్లు ఎక్కువ. బొగ్గు అవసరానికి మించి వేయడంలో కూడా తెలివి ఉంది. లోపల పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆ మిగులు బొగ్గు వెంటనే మోనాక్సైడ్‌గా మార్చేస్తుంది. దాంతో జింకుకు తిరిగి ఆక్సిజన్ అందదు. వాయువుల రసాయనశాస్త్రం పుట్టకముందు, ఆక్సిజన్ అనే పేరే లేని రోజుల్లో, ఆక్సిజన్‌ను దగ్గరికి రానివ్వని ఏర్పాటు ఇది. మన దేశ సాంకేతిక చరిత్రలో దీనికి సాటివచ్చేవి కొన్నే ఉన్నాయని నేను నమ్ముతున్నాను. జావర్‌లో వాడి పారేసిన పాత్రలు గుట్టలుగా పడి ఉన్నాయి, అక్కడి జనం వాటితో ఇంటిగోడలు కట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో విలియం ఛాంపియన్ బ్రిస్టల్ నగరంలో జింకు తీయడానికి పేటెంటు పొందింది 1738లో. ఆయన కొలిమిలోనూ ఆవిరి కిందికే దిగుతుంది.

బీదర్ కళాకారుడి పనిలో ఈ రసాయనం మరోసారి, తలకిందులుగా కనిపిస్తుంది. ఇసుక అచ్చులో పోతపోసిన పాత్రను ఆకురాయితో నున్నగా రుద్దాక మైలుతుత్తం నీళ్లు పూస్తారు. తెల్లటి పాత్ర క్షణాల్లో నల్లబడుతుంది, ఉలితో గీసిన గీత దాని మీద తెల్లగా కనిపిస్తుంది. ఇది కూడా క్షయకరణమే. మైలుతుత్తంలోని రాగి అయాన్లకు జింకు ఎలక్ట్రాన్లను ఇచ్చి తాను ద్రావణంలోకి వెళ్లిపోతుంది. రాగి అతి సన్నని రేణువులుగా పైన పేరుకుంటుంది, ఆ సన్నదనం వల్లే నల్లగా కనిపిస్తుంది. ఆక్సిజన్ ప్రమేయం లేకపోయినా ఇది క్షయకరణం ఎలా అయిందని అడగవచ్చు. ఆక్సిజన్ లోహం నుంచి లాక్కునేది ఎలక్ట్రాన్లనే. వాటిని ఎవరు తిరిగి ఇచ్చినా లోహం లోహంగా మారుతుంది. రాగి గనుల్లో మురికినీటి నుంచి రాగిని రాబట్టడానికి తుక్కు ఇనుము వేసే పద్ధతి ఈ సూత్రంతోనే నడుస్తుంది.

గీతలు చెక్కి, వెండి తీగను, రేకును గాడుల్లో కొట్టి బిగించాక చివరి ఘట్టం. బీదర్ కోటలో ఎండావానా తగలని పాత కట్టడాల లోపలి మట్టిని నవాసారంతో కలిపి నీళ్లలో మరిగించి, వేడి పాత్రకు పట్టిస్తారు. ఆ మట్టిలో నత్రజని లవణాలు ఉంటాయి. పాత్ర ఒళ్లంతా శాశ్వతమైన నలుపు తిరుగుతుంది, వెండికి మాత్రం ఏమీ కాదు. జావర్ కొలిమిలో అంత కష్టపడి ఆక్సిజన్‌కు దూరం చేసిన జింకును ఇక్కడ మళ్లీ ఆక్సీకరణానికి అప్పగిస్తారు, కానీ పైపొర వరకే. రాగి ఏమాత్రం కలవని జింకు ఇలా నల్లబడదు. ఆ ఒక్క పాలు రాగి వెనుక ఉన్న రహస్యం ఇదే. చివర నూనె రుద్దితే నలుపు లోతు పెరుగుతుంది. ఈ కళలో కృషికి బీదర్‌కు చెందిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

జింకును నేడు బొగ్గుతో తీయడం తక్కువ. హిందుస్తాన్ జింక్ 1977లో విశాఖలో పెట్టిన ఫ్యాక్టరీలో కాల్చిన ఖనిజాన్ని గంధకామ్లంలో కరిగించి, ఆ ద్రావణంలోకి కరెంటు పంపి అల్యూమినియం పలకల మీద జింకును పేర్చేవారు. ఎలక్ట్రాన్లను ఇచ్చే పని బొగ్గు నుంచి కరెంటుకు మారింది. 2012లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

అల్యూమినియానికి వచ్చేసరికి కరెంటు తప్ప దారి లేదు. కార్బన్ దాన్ని విడిపించాలంటే 2000 డిగ్రీలు దాటాలన్నాను. అంత వేడిలో విడుదలైన అల్యూమినియం ఆక్సిజన్‌ను వదిలి కార్బన్‌ను పట్టుకుంటుంది, కార్బైడు అవుతుంది. 19వ శతాబ్దంలో రసాయనవేత్తలు ముందు పొటాషియంతో, 1854 నుంచి సోడియంతో అల్యూమినియం క్లోరైడు మీద పనిచేసి లోహాన్ని తీశారు. ఖర్చు విపరీతం. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ హెరూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే పద్ధతి కనిపెట్టారు. అప్పటికి హాల్ వయసు 22 ఏళ్లు, హెరూ వయసు 23. కరిగిన క్రయొలైట్ అనే ఖనిజంలో అల్యూమినియం ఆక్సైడును కలిపి సుమారు 960 డిగ్రీల దగ్గర కరెంటు పంపడం ఆ పద్ధతి. ఇప్పటికీ కిలో అల్యూమినియానికి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు అవుతుంది. ఆక్సిజన్ పట్టు ఎంత బలమైనదో ఆ కరెంటు బిల్లులో కనిపిస్తుంది.

ఆ బలాన్నే పనికి వాడుకోవచ్చు కూడా. బీదర్ నుంచి హుమ్నాబాద్ మీదుగా కలబురగికి రైలుమార్గం 2017లో ప్రారంభమైంది. మన రైల్వేలో ఇలాంటి మార్గాల పట్టాలను పని స్థలంలోనే అతికించడానికి వాడే పద్ధతి థర్మిట్. ఇనుము ఆక్సైడు, అల్యూమినియం పొడి కలిపి మూసలో పోసి అంటిస్తే అల్యూమినియం ఆక్సిజన్‌ను ఇనుము నుంచి లాగేసుకుంటుంది. పుట్టే వేడి 2000 డిగ్రీలు దాటిపోతుంది. తిత్తి లేదు, బొగ్గు లేదు. కొన్ని క్షణాల్లో కరిగిన ఉక్కు పట్టాల సందులోకి దిగుతుంది. జర్మనీకి చెందిన హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో దీనికి పేటెంటు పొందాడు. లాటరైట్ రాయిలో పక్కపక్కనే కూర్చున్న రెండు ఆక్సైడుల్లో ఎవరి పట్టు ఎక్కువో తేల్చేసే ప్రయోగం ఇంతకన్నా మెరుగైనది లేదు.

బొగ్గుతో ఆక్సిజన్‌ను వదిలించినప్పుడు ఆ ఆక్సిజన్ ఎక్కడికీ పోదు, కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో చేరుతుంది. బ్లాస్ట్ ఫర్నేసు దారిలో టన్ను ఉక్కుకు సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పల్లె కొలిమి రోజుల్లో అది లెక్కలోకి రాని మొత్తం. ఇప్పుడు వాతావరణాన్నే మార్చేంత మొత్తం. బొగ్గుకు బదులు హైడ్రోజన్‌ను పంపినా ఇనుము ఆక్సైడు నుంచి ఆక్సిజన్ ఊడివస్తుంది, బయటికి వచ్చేది నీటి ఆవిరే. స్వీడన్‌లో 2021లో ఇలా స్పాంజ్ ఐరన్ తీసి చూపించారు. ఇనుము కరగకుండానే ఆక్సిజన్‌ను వదిలే ఆ పాత సూత్రమే ఇక్కడా ఆధారం. స్పాంజ్ ఐరన్‌లో మొదటి స్థానంలో ఉన్న మనం ఈ మార్పులో వెనకబడితే అది మన తప్పే అవుతుంది.

వేల ఏళ్లు సాగిన బొగ్గు కొలిమి విద్యకు మన దగ్గర రాతపూర్వక సాక్ష్యం చాలా తక్కువ. ఎక్కువభాగం చిట్టెం కుప్పల్లోనే ఉంది. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి 2010లో ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి ఇలాంటి చోట్లను నమోదు చేశాయి. ఇంకా నమోదు కానివి బీదర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఉండే అవకాశం ఉంది. పొలాలు చదును చేసేటప్పుడు, రోడ్లకు మట్టి తోలేటప్పుడు ఆ కుప్పలు మాయమవుతున్నాయి. మీ ఊళ్లో బరువైన నల్లటి చిట్టెం రాళ్లు, మట్టిగొట్టాల ముక్కలు కనిపిస్తే వాటిని కదిలించకండి. ఫోటో తీసి, చోటు రాసిపెట్టి, దగ్గర్లోని కళాశాల చరిత్ర శాఖకో పురావస్తు శాఖకో తెలియజేయండి. సైన్సు టీచర్లైతే పిల్లలను అక్కడికి తీసుకెళ్లి క్షయకరణం పాఠాన్ని ఆ కుప్ప దగ్గరే చెప్పండి.